ముళ్లు వస్తున్నాయి గానీ పూలు రావడం లేదు: కాగితంపూల బోన్సాయ్‌ని పూయించేదెలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు బ్రాడీపేట, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. రెండేళ్ల కిందట కడియం వెళ్లినప్పుడు కాగితంపూల బోన్సాయ్, అంటే లోతు తక్కువ ట్రేలో పొట్టిగా పెంచిన చెట్టు, ఒకటి కొన్నాను. అప్పుడు చెట్టంతా గులాబీరంగు పూలే. అవి రాలాక మళ్లీ ఒక్క పువ్వూ చూడలేదు. ఆకులు మాత్రం పచ్చగా నిగనిగలాడుతున్నాయి, ముళ్లు కూడా బాగా వస్తున్నాయి. తూర్పు బాల్కనీలో పెట్టాను, పొద్దున తొమ్మిదిన్నర దాకా ఎండ తగులుతుంది. రెండు పూటలా నీళ్లు పోస్తాను. వారానికోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు ఇస్తాను. ఆకారం చెడకుండా ప్రతి ఆదివారం కొసలు గిల్లుతాను. కుండీ చాలడం లేదేమో, పెద్దదాంట్లోకి మార్చనా? పక్కనున్న అడీనియం (ఎడారి గులాబీ) మొదలు ఈమధ్య మెత్తబడింది. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు వస్తున్నారు, అప్పటికి కాగితంపూలు పూస్తే బాగుండునని ఆశ. మా అత్తగారేమో ఎదగని చెట్టు ఇంట్లో ఉండకూడదు, ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. ఇంకో సంగతి, ఆన్‌లైన్‌లో సకురా (జపాన్ చెర్రీ) బోన్సాయ్ విత్తనాలు అమ్ముతున్నారు. తెప్పించుకోమంటారా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

సమాధానం: మీ చెట్టుకు ఏ జబ్బూ లేదండీ. రెండేళ్లు ట్రేలో పెట్టి ఆకు నిగనిగలాడేలా ఉంచడమంటే మామూలు సంగతి కాదు, కొన్న ఆర్నెల్లలోపే ఎండబెట్టేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ దగ్గర పూలు రాకపోవడానికి కారణం శ్రద్ధ తక్కువై కాదు. ఆ చెట్టుకు పూత ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడే ప్రతి ఆదివారం మీ గోరు పడుతోంది.

కాగితంపూల చెట్టు పాత కొమ్మ మీద పూయదు. కొత్త రెమ్మ వచ్చి, సాగి, కాస్త ముదిరాక దాని కొస వైపున్న ఆకుల మొదళ్లలో పూస్తుంది. మీరు వారం వారం కొసలు గిల్లుతుంటే ఏ రెమ్మకూ ముదిరే గడువు దొరకదు. గిల్లినచోట పక్కనుంచి రెండు రెమ్మలు లేస్తాయి, వచ్చే ఆదివారం అవీ పోతాయి. చెట్టు గుబురుగా, చూడముచ్చటగా తయారవుతుంది, పువ్వు మాత్రం రాదు.

ఒక పని చేయండి. రేపు పొద్దున వెలుతురులో ఒక లేత రెమ్మను పట్టుకుని, ఆకు కాడ కొమ్మను తాకే మూలను దగ్గరగా చూడండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. చిగురు మొగ్గతో పాటు అక్కడ గుండుసూది మొనంత పొడుపు ఒకటి కనిపిస్తుంది. మీరు ఉత్తరంలో రాసిన ముళ్లు అక్కడి నుంచి వచ్చినవే. మీరు ఎదురుచూస్తున్న పూలు రావలసిందీ అక్కడి నుంచే. ఈ చెట్టులో ముల్లు, పూగుత్తి ఒకే మొలక నుంచి పుడతాయి. నీళ్లు, నత్రజని పుష్కలంగా ఉండి, ఎండ తక్కువై, చెట్టు ఎదుగుదల జోరు మీదుంటే ఆ పొడుపు ముల్లుగా గట్టిపడుతుంది. పగలు పొట్టిగా ఉండే రోజుల్లో మంచి ఎండ తగిలి, కాస్త దాహం వేస్తే అదే పొడుపు చీలి పూగుత్తి అవుతుంది. కాబట్టి ముళ్లు బాగా వస్తున్నాయని మీరు రాసిన మాటలోనే సగం జవాబు ఉంది. పూతకు కావలసిన సరంజామా అంతా చెట్టులో ఉంది, దాన్ని మనం వేరే దారి పట్టిస్తున్నాం.

ముందు ఎండ సంగతి. పొద్దున తొమ్మిదిన్నర దాకా తగిలే ఎండ ఆకుకు సరిపోతుంది గానీ పువ్వుకు చాలదు. కాగితంపూలకు రోజుకు కనీసం ఐదారు గంటలు సూటిగా తగిలే ఎండ కావాలి. మేడ మీద పెట్టుకునే వీలుంటే అంతకన్నా మంచి చోటు లేదు. అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోకపోతే, మీ ఫ్లాట్‌లో దక్షిణం వైపు కిటికీ గట్టు గానీ, బట్టలారేసే బాల్కనీ గానీ ఉందేమో చూడండి. గుంటూరు దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు బాగా దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ఆ వైపు గోడలకు, బాల్కనీలకు పగలంతా ఎండ పడుతుంది. అదే మే, జూన్, జూలై నెలల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు, దక్షిణపు బాల్కనీలో ఎండ పొడ కూడా కనపడదు. ఏడాది పొడుగునా కుండీని ఒకేచోట ఉంచడం అపార్ట్‌మెంట్లలో పూలచెట్లు పెంచేవాళ్లంతా చేసే పొరపాటు. ఋతువును బట్టి చోటు మార్చాలి. అయితే ఎండ ఎరగని చెట్టును ఒక్కసారిగా మేడ మీదకు తీసుకుపోకుండా, వారం పది రోజుల్లో కొంచెం కొంచెంగా అలవాటు చేయండి. ఇప్పుడు కార్తీకం కాబట్టి ఆకు మాడే భయం పెద్దగా లేదు.

ఇక కత్తిరింపు. ఈ వారంలోనే ఒకసారి గట్టిగా చేయండి, ఆ తర్వాత కత్తెర లోపల పెట్టేయండి. పదునైన కటర్ తీసుకుని, దాని అంచును స్పిరిట్‌తో తుడవండి. నిలువుగా బలంగా లేచిన పిలకలను, కొమ్మల మధ్యలోకి దూరిన రెమ్మలను మొదటికి తీసేయండి. మిగిలిన ప్రతి రెమ్మకూ రెండు మూడు కణుపులు ఉంచి, బయటి వైపు చూస్తున్న మొగ్గకు కాస్త పైన కోయండి. పై భాగంలో కొంచెం ఎక్కువ, కింది కొమ్మల్లో కొంచెం తక్కువ కత్తిరిస్తే మంచిది, ఎందుకంటే ఈ చెట్టు బలమంతా తలకే ఎక్కుతుంది, కింది కొమ్మలు వెనకబడతాయి. చిటికెన వేలికన్నా లావున్న కొమ్మ కోస్తే గాయం మీద శిలీంధ్రనాశిని పొడిని నీళ్లలో చిక్కగా కలిపి రాయండి. కాగితంపూల మానులో తడి చేరితే లోపల్నుంచి కుళ్లుతుంది, పైకి మాత్రం చాలాకాలం బాగున్నట్టే కనిపిస్తుంది.

రెండు వారాల్లో కొత్త రెమ్మలు లేస్తాయి. మీ ఓపికకు పరీక్ష అప్పుడే. రెమ్మలు తలోవైపు సాగి, చెట్టు నూనె పెట్టి దువ్వని జుట్టులా తయారవుతుంది. చెయ్యి దురద పెడుతుంది. గిల్లకండి. ఆకారం ఏమైపోతుందోనన్న టెన్షన్ వద్దు, పూలు అయ్యాక మళ్లీ కత్తిరించి తిరిగి తెచ్చుకోవచ్చు. బోన్సాయ్‌లో పూలచెట్లు పెంచే వాళ్లు ఏడాదిలో కొన్నాళ్లు ఆకారాన్ని వదులుకోవాల్సిందే. ఏదైనా రెమ్మ మరీ అడ్డదిడ్డంగా పోతుంటే, పచ్చిదనం తగ్గి ఇంకా గట్టిపడకముందే అల్యూమినియం తీగ చుట్టి నెమ్మదిగా వంచండి. ముదిరిన కొమ్మ పుటుక్కున విరుగుతుంది. వేసిన తీగను పది రోజులకోసారి చూస్తుండండి, బెరడులోకి దిగబడితే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు.

రెమ్మ జానెడు సాగి, ఆకులు ముదురు రంగు తిరిగాక నీళ్లు తగ్గించండి. రెండు పూటలా పోసే అలవాటు ఈ చలికాలంలో అసలు అక్కర్లేదు. అగరుబత్తి పుల్ల ఒకటి మట్టిలో రెండంగుళాలు గుచ్చి అయిదు నిమిషాలాగి తీయండి. తడి అంటుకుంటే ఆ పూటకు నీళ్లు వద్దు. పూత కోసం ఎండబెట్టే రెండు మూడు వారాలు ఇంకొంచెం ఆగి, లేత ఆకులు కాస్త వాలినట్టు కనిపించాకే పోయండి. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయాలి. ట్రేలో మట్టి కొంచెమే కాబట్టి రోజూ చూడాలి. ఆకు వాలడం వేరు, ఎండి రాలడం వేరు, అక్కడిదాకా రానివ్వద్దు. రెమ్మల కొసల్లో బియ్యపు గింజంత రంగు మొగ్గలు కనబడగానే మామూలుగా నీళ్లు మొదలుపెట్టండి. ఆ సమయంలో దాహం పెడితే మొగ్గలు రాలతాయి. ఇన్ని చేస్తున్నా తుపాను ముసురు పడితే శ్రమంతా వృథా అవుతుంది. మన దగ్గర డిసెంబరులోనూ ఆ ముప్పు ఉంటుంది కాబట్టి, వాన రోజుల్లో చెట్టును సన్‌షేడ్ కిందికి జరిపేయండి.

వేరుశనగ చెక్క నీళ్లు ఇక ఆపండి. ఆ చెక్కలో నత్రజని సుమారు 7 శాతం ఉంటుంది. ఆకుకూరకు మేలే గానీ, పూత రావలసిన చెట్టుకు వారం వారం ఇస్తే ఆకులు, ముళ్లే వస్తాయి. కొత్త రెమ్మలు ముదిరాక పదిహేను రోజులకోసారి 0-52-34 ఎరువు (నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే ఉండేది) లీటరు నీటికి 1 గ్రాము కలిపి, తడిగా ఉన్న మట్టిలో పోయండి. మన మిర్చి రైతులు పిచికారీకి వాడే నీటిలో కరిగే ఎరువే ఇది, గుంటూరు ఎరువుల కొట్లలో వెతుక్కోనక్కర్లేదు. అంతకు మించి మోతాదు పెంచకండి, చిన్న ట్రేలో ఎరువు ఎక్కువైతే వేళ్లు మాడతాయి. అరటి తొక్కల నీళ్లు పోస్తే పూస్తుందని చెప్పేవాళ్లున్నారు. ఎండ, కత్తిరింపు సరిచేయకుండా అలాంటి నీళ్లు ఎన్ని పోసినా నాకు నమ్మకం లేదు.

సంక్రాంతి మాట. కత్తిరించిన నాటి నుంచి పూత రావడానికి ఆరు నుంచి పది వారాలు పడుతుంది. ఇవాళ కత్తిరిస్తే పండగనాటికి రంగు తిరిగిన మొగ్గలు చూడొచ్చు, నిండు పూత మాత్రం రథసప్తమి దగ్గర పడ్డాకే అనుకోండి. అంతకన్నా ముందు వస్తుందని మాటివ్వలేను. పండక్కి పూలున్న చెట్టు ఇంకొకటి కొని తేవచ్చు. కానీ మీకు కావలసింది మీరు పెంచిన చెట్టు మీది పువ్వని ఉత్తరం చదివితే తెలుస్తోంది. అమ్మాయి వాళ్లను ఇంకో మూడు వారాలాగి రమ్మనండి. ఆ రంగు రేకులు నిజానికి పూరేకులు కావు, పువ్వును కప్పి ఉండే ఆకులే. అసలు పువ్వు లోపల తెల్లగా, సన్నని గొట్టంలా ఉంటుంది. అందుకే ఒకసారి విచ్చాయంటే వారాల తరబడి నిలుస్తాయి.

కుండీ మార్చడం ఇప్పుడు వద్దు. వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే కాగితంపూలు బాగా పూస్తాయి. పెద్ద కుండీలో వేస్తే చెట్టు మళ్లీ వేళ్లు, ఆకుల పనిలో పడుతుంది. కానీ మట్టిని మాత్రం ఒకసారి పరీక్షించండి. చెంబుడు నీళ్లు పోయండి. క్షణాల్లో లోపలికి దిగి రంధ్రాల్లోంచి కారితే సరే. పైన చెరువులా నిలిచి మెల్లగా ఇంకుతుంటే అది జిగురు మట్టి. మన చుట్టుపక్కల నల్లరేగడి పత్తికి, మిర్చికి బంగారం, బోన్సాయ్‌కి మాత్రం అసలు పనికిరాదు. తడిస్తే ముద్దవుతుంది, ఎండితే బీటలిచ్చి సన్న వేళ్లను తెంపుతుంది. మీది అలాంటి మట్టే అయితే పూలు అయ్యాక, ఫిబ్రవరి చివర్లో చలి తగ్గినప్పుడు అదే ట్రేలోనే మట్టి మార్చండి. శనగబద్దంత ఇటుక ముక్కలు రెండు పాళ్లు, జల్లెడలో పైన మిగిలిన దొడ్డు ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు. ఇటుక ముక్కల్లోని దుమ్మును జల్లించి, కడిగి మరీ పారేయాలి. అది ఉంటే రంధ్రాలు పూడిపోతాయి. ఈ చెట్టు వేళ్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి కాబట్టి పాతమట్టినంతా దులిపేయకుండా చుట్టూ మూడోవంతు మాత్రం తీసి, చెట్టును అడుగు రంధ్రాల్లోంచి తీగతో ట్రేకి కదలకుండా కట్టండి. రెండు వారాలు నీడలో ఉంచండి, నెల దాకా ఎరువు వద్దు. మే నెలలో మాత్రం ఎవరేం చెప్పినా మట్టి మార్చొద్దు. రోహిణి కార్తెలో 44, 45 డిగ్రీల ఎండలో వేళ్లు కోస్తే చెట్టు తట్టుకోదు. అప్పుడు ట్రేని స్లాబు మీద నేరుగా కాకుండా ఇటుకల మీద పెట్టి, షేడ్‌నెట్ కింద ఉంచాలి, నీళ్లు రెండు పూటలా పోయాల్సింది అప్పుడు.

నీళ్ల గురించి ఇంకొక్క మాట. మీకు వచ్చేవి బోరు నీళ్లయితే ట్రే అంచున తెల్లటి పొర కడుతుంది, కొత్త ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఉప్పు, సున్నం వల్ల ఇనుము అందక వచ్చే ఇబ్బంది. మున్సిపల్ నీళ్లు, పట్టిపెట్టుకున్న వాన నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, వీటిలో ఏవైనా పోయొచ్చు. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పంతా పోగయ్యేది వాటిలోనే.

మీ అడీనియం సంగతి కాస్త తొందరగా చూడాలి. లావు మొదలును బొటనవేలితో చుట్టూ నొక్కండి. అంతటా సమంగా కొంచెం మెత్తగా, ముడతలు పడ్డట్టుంటే అది దాహం, మట్టి ఎండిపోయి ఉంటుంది, నీళ్లు పోస్తే నాలుగు రోజుల్లో తేరుకుంటుంది. కానీ మీరు రెండు పూటలా పోస్తున్నారు కాబట్టి కుళ్లేమోనని నా అనుమానం. ఒకవైపే మెత్తబడి, రంగు మారి, వాసన వస్తుంటే సందేహం లేదు. వెంటనే పెకలించి, మట్టి దులిపి, కత్తితో తెల్లటి గట్టి కండ కనిపించేదాకా కుళ్లినదంతా చెక్కేయండి. సగం పోయినా వెనకాడకండి, గోధుమరంగు మచ్చ కొంచెం మిగిలినా మళ్లీ మొదలవుతుంది. గాయానికి శిలీంధ్రనాశిని పొడి అద్ది, గాలి తగిలే నీడలో వారం పాటు ఆరనిచ్చి, పొడి ఇటుక ముక్కల మిశ్రమంలో నాటండి. నాటాక కూడా నాలుగైదు రోజులాగే నీళ్లు. దాని పాలు విషం, చేతులకు గ్లౌజులు వేసుకోండి, కళ్లు తుడుచుకోకండి, పండక్కి పిల్లలు వస్తే అందనిచోట ఉంచండి. చలికాలంలో అడీనియం ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ రెండు నెలలూ నీళ్లు బాగా తగ్గించాలి.

మీ అత్తగారి మాట తీసేయాల్సింది కాదు. ఇంట్లో ఉండకూడదని ఆవిడ అంటున్నారు, తోట తెలిసినవాళ్లు చెప్పేదీ అదే. పూల బోన్సాయ్‌కి గదిలో బతుకు లేదు, అది ఎండలో, గాలిలో ఉండాలి. మేడ మీదకో, దక్షిణపు గట్టు మీదకో మార్చేస్తే ఆవిడ అభ్యంతరంలో పెద్ద భాగం తీరుతుంది. ఇక ఎదగని చెట్టన్న బాధ. చెట్టును పస్తు పెట్టి చిన్నగా ఉంచుతున్నామని చాలామంది అనుకుంటారు. నిజానికి ట్రేలోని చెట్టుకు ఎరువు, నీళ్లు, ఎండ అన్నీ వేళకు అందుతాయి, ఏటా చిగురుస్తుంది, మాను లావెక్కుతుంది, పూస్తుంది. ఎత్తు ఒక్కటే కత్తెర వల్ల ఆగుతుంది. మైసూరు వెళ్లే అవకాశం వస్తే దత్తపీఠం ఆవరణలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ వనం ఆవిడకు చూపించండి. ఒక ఆశ్రమంలోనే అన్ని బోన్సాయ్‌లను శ్రద్ధగా పెంచుతున్నారంటే ఆవిడకూ మనసు కుదుటపడొచ్చు. అప్పటికీ ఇష్టం లేదంటే బలవంతపెట్టకండి. రోజూ మొహం చిట్లించుకునే వస్తువు ఇంట్లో ఎవరికీ సుఖం కాదు, అప్పుడు మేడ మీద మీ పాటికి మీరు పెంచుకోండి.

సకురా విత్తనాల మీద డబ్బు పెట్టకండి. ఆ చెర్రీ చెట్లకు పూమొగ్గ విచ్చుకోవాలంటే చలికాలంలో వారాల తరబడి గట్టి చలి తగలాలి. మన దగ్గర రాత్రిపూట 15 డిగ్రీలకు దిగడమే అరుదు. మొలిచినా మే నెల దాటదు, దాటినా పూయదు. నీలం, ఆకుపచ్చ పూలంటూ బొమ్మలు పెట్టి అమ్మేవి శుద్ధ మోసం. అజేలియా, విస్టీరియా కూడా మన గుంటూరు, విజయవాడలకు సరిపడవు.

రెండో చెట్టు కావాలనుకుంటే పొట్టి రకం దానిమ్మ తీసుకోండి. ఆకు చిన్నది, మాను త్వరగా పాతబడినట్టు కనిపిస్తుంది, ఎర్రటి పూలతో పాటు గోలీకాయంత కాయలు కూడా కాస్తుంది, మన ఎండను లెక్కచేయదు. నూరువరహాలు కూడా బాగుంటుంది గానీ బోరు నీళ్లతో పసుపెక్కుతుంది. మందారం, దేవగన్నేరు బోన్సాయ్‌కి తీసుకోవద్దంటాను. ట్రేలో ఆకు చిన్నదవుతుంది గానీ పువ్వు చిన్నదవదు, జానెడు చెట్టుకు అరచేయంత పువ్వు నప్పదు. ఈసారి కడియం వెళ్లినప్పుడు పూలు చూసి మోసపోకండి. చెట్టు మొదలు చూడండి, మట్టిలోకి దిగేచోట వెడల్పుగా, వేళ్లు చుట్టూ పరుచుకుని ఉందా లేదా అని చూడండి. మానును మెల్లగా ఊపండి, వదులుగా ఊగితే అది ఈమధ్యే ట్రేలో గుచ్చింది, వేరు పట్టలేదు. ఆకు కింద తెల్లటి పిండినల్లి లేకుండా చూసుకోండి. మాఘమాసం చివర్లో వెళ్తే మంచిది, కొత్త చోటుకు అలవాటు పడటానికి ఎండలు ముదిరేలోపు దానికి నెల రోజుల వ్యవధి దొరుకుతుంది.